చుట్టింది నేనేనని చెప్పిన రోజు

జనవరి చివరి వారం. చుట్టుపక్కల బెల్లం బట్టీలన్నీ జోరుగా నడుస్తున్న రోజులు. పొద్దున్నే లెట్రిన్ కడగడానికి వెళ్తే తెల్లటి బేసిన్‌లో ఎర్రటి చార కనిపించింది. ఎవరో పాన్ ఉమ్మేశారేమో అనుకున్నాను. మా ఇంట్లో పాన్ వేసుకునేవాళ్లు లేరు. రెండు చెంబుల నీళ్లు కొడితే పోయింది కానీ, ఆ పూట నాకు ఏ పనీ చేతికి రాలేదు.

ఆ బేసిన్ పెట్టించి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. అంతకు ముందు మా ఆయన పొలం గట్టుకో, బట్టీ వెనక్కో వెళ్లేవాడు. మట్టి మీద ఏ రంగు పడినా ఎవరు చూస్తారు? ఎన్నాళ్ల నుంచి అలా పోతోందో మాకు ఇప్పటికీ తెలియదు.

మాది ఎడపల్లి పక్కన ఒక పల్లె. నా పేరు రూతమ్మ. పదో తరగతి చదివాను, మా చర్చిలో స్త్రీల సంఘం మీటింగు వివరాలు రాసేది నేనే. పెళ్లైన ఏడాది నుంచి బీడీలు చుడుతున్నాను. మా ఆయన పేరు రత్నం. మాకున్న కొద్దిపాటి వరి చేను చూసుకుంటూ, చెరకు కాలంలో బట్టీ దగ్గర పాకం చూస్తాడు. కడాయిలో ఉడికే రసం రంగు చూసి "ఇగ దించుండ్రి" అనేది ఆయనే. ఆయన కన్ను తప్పదని ఈ వైపు పేరు. ఆ పేరు వల్లే ఆయనకు కొంచెం పొగరు కూడా.

సాయంత్రం రాగానే అడిగాను. కాళ్లు కడుక్కుంటూనే నవ్వాడు.

"బట్టీ కాడ నిలవడెటోళ్లకు అందరికి ఎర్రగనే పోతదే. ఒంట్ల వేడి గది. నువ్వు పరేషాన్ గాకు."

నిజంగానే అక్కడ అందరూ అదే నమ్ముతారు. పొద్దంతా మంట ముందు నిలబడి, నీళ్లు సరిగా తాగక, మూత్రం ముదురు రంగులో పోతుంది. చెరకు రసంలో నిమ్మకాయ పిండుకుని రెండు గ్లాసులు తాగితే తగ్గిందంటారు. పసుపు ముదిరితే ఆ మాట సరే. ఎరుపు వేరు. పాకంలో రవ్వంత తేడా పట్టే మనిషి ఈ తేడా పట్టలేదు. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. నొప్పి లేని జబ్బును మా దగ్గర జబ్బని ఎవరూ అనరు.

నా పోరు పడలేక బోధన్‌లో ఒక డాక్టరు దగ్గరికి వచ్చాడు. ఆయన మాత్రలిచ్చి, "స్కానింగ్ తప్పకుండా చేయించండి" అని చీటీ రాశాడు. పది రోజుల్లో ఎరుపు ఆగిపోయింది. ఇంకేముంది, మా ఆయన ఛాతీ విరుచుకుని తిరిగాడు. స్కానింగ్ చీటీ ఆయన చొక్కా జేబులోనే ఉతుకులో నానిపోయింది. నేను దాన్ని ఎండబెట్టి దాచాను గానీ, మళ్లీ గట్టిగా అడగలేదు. ఎరుపు ఆగిందన్న సంతోషం నాకూ ఉండింది.

గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో మూడు గంటల ఆరాధన. మా ఆయన అప్పుడు చర్చి కమిటీలో ఉన్నాడు, ముందు వరుసలో కూర్చోవాలి. నాలుగుసార్లు లేచి బయటికి వెళ్లాడు. నాలుగోసారి లోపలికి రాలేదు. వెళ్లి చూస్తే గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు, ముఖం పాలిపోయింది. కింద గడ్డలు గడ్డలుగా నెత్తురు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఈసారి వేడి అనే మాట ఆయన నోటి నుంచి రాలేదు.

మా బిడ్డ సుహాసిని నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరు. మర్నాడే మమ్మల్ని స్కానింగ్‌కు తీసుకెళ్లింది. "బ్లాడర్‌లో గ్రోత్ ఉంది" అని రాశారు, అంటే మూత్రపు సంచిలో గడ్డ. అక్కడి యూరాలజీ డాక్టరు మూత్ర మార్గం గుండా కెమెరా పంపి చూడాలన్నాడు. దాన్ని సిస్టోస్కోపీ అంటారట. అన్నీ రాసుకుంటూ మధ్యలో మామూలుగా అడిగాడు, "సిగరెట్టు, బీడీ అలవాటుందా?" అని.

"లేదు సార్," అన్నాడు మా ఆయన.

నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

ఈ సంగతి ఇక్కడ చెప్పకపోతే ముందు రాసేదేదీ అర్థం కాదు. నేను చుట్టిన బీడీల్లో వంకర పోయినవి, ఆకు చిరిగినవి కంపెనీవాళ్లు పక్కన పడేస్తారు. పెళ్లైన నాటి నుంచి అవన్నీ మా ఆయనకే. కమిటీలోకి తీసుకునేటప్పుడు పాస్టరుగారు అడిగితే, అందరి ముందు లేచి నిలబడి మానేశానన్నాడు. ఇంట్లో తాగడం మానేశాడు, అంతే. బట్టీ వెనక తాగేవాడు. నేను చుట్టి పెట్టిన చాటలోంచి రోజూ కొన్ని తగ్గేవి. నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అడిగితే గొడవ, అడగకపోతే ప్రశాంతం. పైగా నేను పొద్దస్తమానం చుట్టేదే అది, ఏ ముఖంతో అడగాలి?

టీయూఆర్‌బీటీ అని మత్తిచ్చి గడ్డను లోపలి నుంచే చెక్కి తీశారు. బయాప్సీ రావడానికి పది రోజులు. ఆ పది రోజులు నేను ఇంట్లో ఒక్క చోట కూర్చోలేదు. బియ్యం ఏరినవే మళ్లీ ఏరాను. రిపోర్టు వచ్చాక డాక్టరు సుహాసినితోనే మాట్లాడబోతే, మా ఆయన ఆపాడు. తనకే చెప్పమన్నాడు.

"హై గ్రేడ్, మజిల్ ఇన్వేసివ్. అంటే కండ దాకా పోయింది. చెక్కి తీస్తే సరిపోదు, బ్లాడర్ మొత్తం తీసేయాలి. ముందు కీమో, తర్వాత సర్జరీ. హైదరాబాద్ వెళ్లండి," అన్నాడు ఆయన.

బస్సులో తిరిగి వస్తూ మా ఆయన ఒకే ఒక్క మాట అడిగాడు. "సంచి తీసేస్తె ఒంటికి యాడికెల్లి పోవాలె బిడ్డా?" సుహాసిని కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నా వేళ్లు బస్సు టికెట్టును చుడుతూ ఉన్నాయి. కంగారు పడితే నా వేళ్లు ఏదో ఒకటి చుడతాయి. ఆ ఏడాది ఎన్ని మందుల చీటీలు, ఎన్ని కొంగు అంచులు చుట్టానో లెక్కలేదు.

హైదరాబాద్ సర్జన్‌కు నలభై ఐదేళ్లుంటాయి. తొందర లేని మనిషి. తెల్ల కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. బ్లాడర్ తీశాక రెండు దారులున్నాయన్నాడు. ఒకటి, పేగు ముక్కతో దారి కట్టి పొట్ట మీద చిన్న రంధ్రం పెట్టి, దానికి బయట బ్యాగ్ తగిలించడం. రెండోది, పేగు ముక్కనే సంచిలా కుట్టి, పాత బ్లాడర్ ఉన్న చోటే పెట్టడం. దాన్ని నియోబ్లాడర్ అన్నాడు. మామూలు దారినే మూత్రం పోతుంది, కానీ నేర్చుకోవాలి.

"ఏది మంచిది సార్?" అని సుహాసిని అడిగింది.

"రెండూ మంచివేనమ్మా. కిడ్నీలు బాగుండాలి, మనిషికి ఓపిక ఉండాలి, అప్పుడే రెండోది. బ్యాగ్‌తో పొలం పనులు చేసుకుంటున్నవాళ్లు నాకు తెలుసు."

మా ఆయన నియోబ్లాడరే కావాలన్నాడు. బట్టీ సెగకు బ్యాగ్ ఊడిపోతే పది మందిలో పరువు పోతుందని ఆయన భయం. ఆపరేషన్ రోబోతో చేస్తామని, పొట్ట పెద్దగా కోయకుండా ఆరు చిన్న రంధ్రాలతోనే అవుతుందని డాక్టరు చెప్పాడు. మర మనిషి కోస్తాడా అని మా ఆయన బెదిరిపోయాడు. "చేతులు దానివి, నడిపేది నేను. పైన రంధ్రాలు చిన్నవే కానీ లోపల పని చిన్నది కాదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి," అన్నాడు డాక్టరు. మేము మొదటి సగమే గుర్తు పెట్టుకున్నాం.

కీమో నాలుగు సైకిళ్లు, అంటే నాలుగు విడతలు. వాంతులు, నోట్లో పుళ్లు, నీళ్లు కూడా ఇనుము రుచి. జుట్టు పోయింది. మూడో సైకిల్‌కు రక్తకణాలు పడిపోయి ఒక వారం ఆపారు. అంత నీరసంలోనూ ఒక రోజు ఆయన చొక్కా ఉతకబోతే జేబులో అగ్గిపెట్టె తగిలింది. ఆ అగ్గిపెట్టె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆయన తల కూడా. కీమో మనిషితో గొడవేంటని మళ్లీ నోరు నొక్కుకున్నాను.

సర్జరీ వచ్చే మంగళవారం అనగా, మత్తు డాక్టరమ్మ దగ్గరికి పంపారు. గొట్టంలోకి ఊదమంది. మూడుసార్లు ఊదించింది. కాగితం చూసి నుదురు చిట్లించింది. పొగ తాగుతారా అని అడిగింది.

"ఎన్నడో మానేసిన మేడం," అన్నాడు మా ఆయన.

ఆమె అది రాసుకోబోతోంది. పెన్ను కాగితానికి తగలబోవడం చూశాను. ఎనిమిది గంటల ఆపరేషన్, తల కిందికి వాలేలా పడుకోబెడతారట, ఊపిరి బాగుండాలట. ఇవన్నీ ఆమె అంతకు ముందే చెప్పింది. నాకు ఇక గోడ మీద క్యాలెండరు కనిపించలేదు.

"లేదు మేడం," అన్నాను. "మొన్న ఐతారం దాక తాగిండు. పెండ్లి కాకముందుకెల్లి తాగుతుండు. సుట్టింది నేనే."

మా ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. డాక్టరమ్మ మాత్రం తిట్టలేదు. నా చేతులు చూసింది, బీడీ చుట్టే తునికాకు మరకలు గోళ్లలో ఉంటాయి కదా. "చెప్పి మంచి పని చేశారమ్మా," అని సర్జన్‌కు ఫోన్ చేసింది.

మంగళవారం ఆపరేషన్ ఆగిపోయింది. సర్జన్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. బీడీ పొగలోని విషం రక్తంలో కలిసి, కిడ్నీలు వడగట్టాక బ్లాడర్‌లో నిలబడుతుంది, ఈ క్యాన్సర్‌కు పెద్ద కారణం అదేనన్నాడు. "నాలుగు వారాలు ఒక్కటి కూడా తాగకూడదు. రోజూ ఊపిరి ఎక్సర్‌సైజ్. అంతకంటే ఎక్కువ ఆగితే క్యాన్సర్ మన కోసం ఆగదు," అన్నాడు.

ఆ నాలుగు వారాలు నా జీవితంలో అన్నిటికంటే పొడుగైనవి. నిజం చెప్పి నేను చేసింది మేలా, చేటా? ఈ నెలలో గడ్డ పెరిగితే ఆ పాపం నాదే కదా. పొద్దున లేస్తే ఇదే, పడుకుంటే ఇదే. చుట్టింది నేను, ఆపరేషన్ ఆపించింది నేను. మా ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. అన్నం కావాలంటే గిన్నె చప్పుడు చేసేవాడు. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటిచ్చారు, గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరి లోపలికి పీలిస్తే బంతులు లేవాలి. మొదటి వారం ఒకటే లేచింది. నేను గుమ్మం పక్కన నిలబడి, కనిపించకుండా, రెండోది లేస్తుందా అని చూసేదాన్ని.

ఇంట్లో ఆకు వాసన కూడా ఉండకూడదని నా చాట, కత్తెర, తంబాకు అన్నీ మూట కట్టి గంగామణి ఇంటికి చేర్చాను. గంగామణి మా వెనక ఇల్లు. ఇద్దరం కొత్త కోడళ్లుగా ఉన్నప్పటి నుంచి పక్కపక్కన కూర్చుని చుడుతున్నాం. వాళ్ల అరుగు మీదే నా పని సాగింది. ఎందుకని ఆమె అడగలేదు, నా కోసం చాప పరిచింది.

రెండో ఆదివారం ఆరాధన అయిపోతుండగా మా ఆయన లేచి నిలబడ్డాడు. "నేను అబద్దం సెప్పి కమిటీల కూసున్న, నన్ను తీసెయ్యుండ్రి" అని రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. పాస్టరుగారు భుజం మీద చెయ్యి వేశారు. ఆ రోజు ఇంటికొచ్చాక డబ్బా గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే మూడో బంతి సగం దాకా లేచింది. ఆయన నా వైపు తిరిగి, "సూసినవా?" అన్నాడు. పదమూడు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

ఆపరేషన్ రోజు పొద్దున ఏడున్నరకు స్ట్రెచర్ మీద తీసుకెళ్తూ ఉంటే నా చెయ్యి పట్టుకున్నాడు. ప్రార్థన చేయమంటాడేమో అనుకున్నాను. "వాపసొచ్చినంక నీ చాట ఇంటికి తెచ్చుకో. నేను ముట్ట," అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

తర్వాత తొమ్మిది గంటలు. టీ తాగితే చేదు, తాగకపోతే తలనొప్పి. నడిచాను, కూర్చున్నాను, మళ్లీ నడిచాను. సుహాసిని విసుక్కుంది. సాయంత్రం సర్జన్ బయటికొచ్చి, "బ్లాడర్, ప్రొస్టేట్, లింఫ్ నోడ్స్ తీశాం. పేగుతో కొత్త బ్లాడర్ కుట్టాం. చూడ్డానికి క్లీన్‌గా ఉంది, బయాప్సీ రానివ్వండి," అన్నాడు. ఆయన కాళ్ల మీద పడబోతే వద్దన్నాడు. రెండు వారాలకు బయాప్సీ వచ్చింది. లింఫ్ నోడ్స్‌లో క్యాన్సర్ లేదు, అంటే చుట్టూ పాకలేదు. ఆ నాలుగు వారాల భారం అప్పుడు దిగింది నా మీద నుంచి.

ఆపరేషన్ అయిన మూడో రోజు, మూత్రం పోవడానికి పెట్టిన కాథెటర్ గొట్టంలో తెల్లటి జిగురు దారాలు చూసి చీము పట్టిందని హడలిపోయాను. నర్సు నవ్వి చెప్పింది, పేగుకు జిగురు ఊరడం అలవాటు, బ్లాడర్‌గా మార్చినా ఆ అలవాటు పోదని. పెద్ద సిరంజితో సెలైన్ నెమ్మదిగా ఎక్కించి, మళ్లీ నెమ్మదిగా లాగి, ఆ జిగురు కడగాలి. నాకు నేర్పించింది. నా వేళ్లు వణకలేదు. చాలా నిదానంగా చేస్తున్నానని మెచ్చుకుంది. ఆ నిదానం ఎక్కడ నేర్చుకున్నానో ఆమెకు తెలియదు కదా.

మూడు వారాలకు కొత్త సంచిలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. సిస్టోగ్రామ్‌లో లీకు లేదని కాథెటర్ తీసేశారు. అప్పుడు మొదలైంది అసలు బడి. "ఈ సంచికి పాత నరాలు లేవు. నిండింది, పోవాలి అని అది మిమ్మల్ని అడగదు. గడియారం చూసి మీరే పోవాలి. ఇప్పుడు రెండు గంటలకోసారి, తర్వాత మూడు. కూర్చుని, పొట్ట నొక్కుతూ, పూర్తిగా ఖాళీ చేయాలి," అన్నాడు సర్జన్. సుహాసిని ఫోన్‌లో అలారాలు పెట్టింది. రాత్రిళ్లూ మోగేది. జన్మలో గడియారం చూడని మనిషి, రంగు చూసి వేళ చెప్పే మనిషి, ఫోన్ గంటకు లేచి పరుగెత్తాలి. మొదట్లో డైపర్లు తడిసిపోయేవి. చిన్నపిల్లాణ్ని చేశారని ముఖం మాడ్చుకునేవాడు. అడుగు కండరాలు బిగించే ఎక్సర్‌సైజ్ చేయమంటే చర్చి వాక్యాల్లా వల్లించేవాడు గానీ చేసేవాడు కాదు.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా పొట్ట చూపించమనేవారు. ఆరు చిన్న మచ్చలు, బొడ్డు దగ్గర కాస్త పెద్ద గీత. "గింతేనా? మా బావమర్దికి అపెండిక్స్‌కే ఇంకింత పెద్దగ కోసిండ్రు," అని ఒకాయన అన్నాడు. అందరూ అలాగే అంటుంటే మా ఆయనకూ అది చిన్న ఆపరేషనే అనిపించింది. రంధ్రాలు చిన్నవే, పని చిన్నది కాదన్న డాక్టరు మాట అప్పుడు మాకిద్దరికీ గుర్తు రాలేదు.

ఏడో వారంలో బట్టీ మొదలైంది. చూసొస్తానని వెళ్లాడు. పాకం దగ్గరపడుతోంది, కొత్త మనిషికి రంగు తెలియడం లేదు, ఈయన కడాయి ముందు నిలబడ్డాడు. అలారం మోగింది, నొక్కేశాడు. మళ్లీ మోగింది, మళ్లీ నొక్కేశాడు. పాకం దించాక చెరకు రసం తాగాడు. సంచి ఖాళీ చేసి అప్పటికి ఐదు గంటలు. ఇంటికొచ్చి కూర్చుంటే చుక్క రాలేదు. పొట్ట బిగిసి రాయిలా అయింది, చెమటలు. జిగురు ముద్ద అడ్డం పడిందని తర్వాత తెలిసింది. ఆటోలో నిజామాబాద్ వెళ్లేదాకా నా ప్రాణం నాలో లేదు. కొత్త సంచి పగిలితే? పేగుతో కుట్టింది, మళ్లీ ఎక్కడి నుంచి తెస్తారు? కాథెటర్ వేసి, జిగురు లాగి, రెండు రోజులు ఉంచుకున్నారు. హైదరాబాద్ సర్జన్ ఫోన్‌లో మా ఆయనను తిట్టలేదు, నెమ్మదిగా అన్నాడు, "రత్నం గారూ, పాకం మాడితే మళ్లీ వండుకోవచ్చు" అని. ఫోన్ పెట్టేశాక మా ఆయన పక్కకు తిరిగి పడుకున్నాడు.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. స్కానింగులు ఇప్పటిదాకా బాగున్నాయి. ప్రతి స్కానింగ్ ముందు వారం నా వేళ్లు మళ్లీ ఏదో ఒకటి చుడుతూనే ఉంటాయి. సోడా మాత్రలు రోజూ వేసుకోవాలి, బీ12 ఇంజెక్షన్ అప్పుడప్పుడు. పగలు పూర్తిగా పొడిగా ఉంటాడు, రాత్రి ఒక అలారం తప్పదు. మిగిలిన ఒక సంగతి ఎవరూ రాయరు, నేను రాస్తాను. ఆ ఆపరేషన్ తర్వాత భార్యాభర్తల సంబంధం మునుపటిలా ఉండదు. డాక్టరు ముందే చెప్పాడు, మేము అప్పుడు ప్రాణం గురించే ఆలోచించాం. దాని గురించి ఇద్దరం ఒకసారి ఏడ్చాం, తర్వాత మాట్లాడుకున్నాం. మీరూ సిగ్గుపడకుండా డాక్టరును అడగండి.

బట్టీలో ఇప్పుడు అలారం మోగితే, పాకం ఏ స్థితిలో ఉన్నా గరిటె పక్కవాళ్లకిచ్చి వెళ్తాడు. రెండుసార్లు బెల్లం నల్లబడింది. "పోనీ," అన్నాడట. ఆ పొగరు మనిషి నోట ఆ మాట విని వాళ్లు ఆశ్చర్యపోయారు.

నేను బీడీలు చుట్టడం మానలేదు. మానానని రాస్తే బాగుండేది, కానీ అబద్ధాలు మాకు ఇక చాలు. చాట మాత్రం ఇంటికి తెచ్చుకోలేదు. గంగామణి అరుగు మీదే చుడుతున్నాను. ప్రతి బీడీ దారం కట్టేటప్పుడు ఇది ఏ ఇంటికి పోతుందో అనుకుంటాను. మనసు ఒక చోట ఉండదు. అందుకే, చేతకాక, ఒక పని పెట్టుకున్నాను. అరుగు మీద ఎవరు కూర్చున్నా అడుగుతాను, మీ ఆయన ఒంటికి ఏ రంగులో పోతోంది అని. ఆడవాళ్లు పగలబడి నవ్వుతారు. రూతమ్మకు పిచ్చి పట్టిందంటారు. నవ్వనివ్వండి. ఇది చదివే మీకూ నేను చెప్పేది ఇదొక్కటే. ఎర్రగా ఒక్కసారి కనిపించినా, నొప్పి లేకపోయినా, తర్వాత ఆగిపోయినా, స్కానింగ్ చేయించుకోండి. డాక్టరు అడిగితే బీడీ సంగతి దాచకండి.

నిన్న మధ్యాహ్నం కూడా అలాగే అడిగాను. నలుగురం ఉన్నాం. ఇద్దరు నవ్వారు. గంగామణి నవ్వలేదు. తల వంచుకుని ఆకు కత్తిరిస్తూ ఉంది. నవ్వినవాళ్లు ఇళ్లకు వెళ్లాక అంది.

"మా ఇంటాయనకు ఎర్రగ పోబట్టి నెల దాటిందే రూతక్క. నొప్పి లేదంటుండు. నీకెట్ల సెప్పాల్నో తెల్వక ఊకున్న."

నా చాట కింద పెట్టేశాను. రేపు పొద్దున మొదటి బస్సుకు ముగ్గురం నిజామాబాద్ వెళ్తున్నాం. పాత రిపోర్టులు సంచిలో పెట్టుకున్నాను. డాక్టరు బీడీల గురించి అడుగుతాడు, అడగకముందే నువ్వే చెప్పు అని గంగామణికి చెప్పాను. ఆమె తన చేతులు చూసుకుంది.

"సెప్త," అంది. "సుట్టిందెవలంటె, మనిద్దరమని సెప్త."